ఫోన్‌లోకి ఊదే ఊపిరి: పాత తగవు 2012లోనే మలుపు తిరిగింది

దగ్గు చప్పుడు విని ఊపిరితిత్తుల పరిస్థితి చెప్పే ఫోన్లు వచ్చేశాయన్న మాట మళ్లీ జోరందుకుంది. గూగుల్ తయారుచేసిన 'హియర్' అనే, దగ్గు వంటి చప్పుళ్లను విశ్లేషించే కృత్రిమ మేధ నమూనాను హైదరాబాద్‌కు చెందిన సాల్‌సిట్ టెక్నాలజీస్ దగ్గు విని ఊపిరితిత్తుల స్థితిని అంచనా వేసే తన 'శ్వాస' వేదికకు జోడించి చూస్తోందని 2024 ఆగస్టులో ప్రకటన వెలువడింది. అందులో ప్రస్తావించిన జబ్బు క్షయ. అయినా చర్చ ఉబ్బసం దాకా పాకింది. ఫోన్ చేతిలో ఉండగా, ఊదిన గాలిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకు ఆసుపత్రి మెట్లెక్కడం దేనికని కొందరు అడుగుతుంటే, ఫోన్ చూపిన అంకెను నమ్మి మందు మోతాదు మార్చుకుంటే మొదటికే మోసం వస్తుందని ఛాతీ వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఉబ్బసం ఎందుకు వస్తుందో, ఇన్‌హేలర్ ఏం చేస్తుందో తెలియనివారు తక్కువ కనుక ఆ సంగతులు వదిలేసి, ఈ తగవు మలుపు తిరిగిన 2012కు నేరుగా వెళ్దాం.

ఆ ఏడాది మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పరీక్ష ఫలితాలను అచ్చువేసింది. బ్రిటన్‌లోని 32 వైద్యకేంద్రాల నుంచి, పన్నెండేళ్లు దాటి, ఉబ్బసం సరిగా అదుపులో లేని 288 మందిని తీసుకుని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజుకు రెండుసార్లు తమ లక్షణాలను, వాడిన మందును, ఊదిన గాలి గరిష్ఠ వేగాన్ని తెలిపే పీక్ ఫ్లో అంకెను ఫోన్‌లో నమోదు చేసి పంపితే, ముందే కుదుర్చుకున్న ప్రణాళిక ప్రకారం ఏం చేయాలో వెంటనే తెర మీదికి వచ్చేది. రెండో జట్టు కాగితం మీద రాసుకుంది. చికిత్స మాత్రం ఇద్దరికీ మార్గదర్శకాల ప్రకారమే అందింది. ఆరు నెలల తర్వాత చూస్తే, 0 నుంచి 6 వరకు లెక్కించే ఆస్తమా అదుపు ప్రశ్నావళిలో ఫోన్ జట్టుకు 0.75, కాగితం జట్టుకు 0.73 మెరుగుదల కనిపించింది. జబ్బు ముదిరిన సందర్భాలు, స్టెరాయిడ్ కోర్సులు, డాక్టరు దగ్గరికి పరుగెత్తిన సార్లు రెండు చోట్లా దాదాపు సమానం. ఫోన్ ఏర్పాటుకు మాత్రం ఖర్చు ఎక్కువైంది.

ఫోన్ ఓడిపోయిందన్నదే వార్తగా మిగిలింది గానీ, అసలు చూడవలసిన అంకె వేరే ఉంది. ఆ ప్రశ్నావళిలో 0.5 మార్పు వస్తేనే రోగికి తేడా తెలుస్తుందని వైద్యులు లెక్కగడతారు. అంటే రెండు జట్లూ నిజంగానే బాగుపడ్డాయి. క్రమం తప్పని చికిత్స, అంకె పడిపోతే ఏం చేయాలన్న ముందస్తు ఒప్పందం రెండు జట్లకూ ఉమ్మడిగా దక్కినవి. వాటికి ఫోన్ అదనంగా చేర్చింది ఏమీ లేదు. దీనికి భిన్నంగా, తైవాన్‌లో 120 మందితో మొదలై 89 మందితో ముగిసిన ఒక అధ్యయనం 2011లో ఫోన్‌కు అనుకూలంగా తేల్చింది.

చిత్రమేమిటంటే, ఒక తలుపు మూసుకున్న 2012లోనే ఇంకొకటి తెరుచుకుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్వేతక్ పటేల్ బృందం 'స్పైరోస్మార్ట్'ను ప్రదర్శించింది. ఫోన్‌ను చేయి చాచినంత దూరాన పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి బలంగా ఊదితే, మైకు పట్టిన చప్పుడును బట్టి గాలి వేగాన్ని అంచనా వేసే పద్ధతి అది. 52 మందిపై పరీక్షించగా వైద్య పరికరంతో పోలిస్తే సగటు తేడా 5.1 శాతమని తేలింది. 2016లో అదే బృందం మామూలు ఫోన్ కాల్ ద్వారా కూడా ఈ పని చేయించింది, 6.2 శాతం తేడాతో. అప్పటివరకు అంకెను చేరవేసిన ఫోన్, ఇప్పుడు తానే అంకెను పుట్టించసాగింది. నేటి వాదన అంతా ఇక్కడి నుంచి వచ్చిందే.

సగటు తేడా చిన్నదే. కానీ తెల్లవారుజామున పిల్లికూతలతో లేచిన మనిషికి సగటుతో పని లేదు. పీక్ ఫ్లో మీటరులో ముల్లును అడుగుకు జార్చి, నిలబడి, పెదవులు బిగించి ఒక్క ఊదు ఊదుతాడు. అలా మూడుసార్లు ఊది వాటిలో పెద్ద అంకెను రాసుకుంటాడు. నిన్న 400 దగ్గర ఆగిన ముల్లు ఇవాళ 340 దగ్గర ఆగితే అది 15 శాతం పతనం. ఇన్‌హేలర్ వాడాక మొదటి సెకనులో బయటికి ఊదే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగడాన్ని వైద్యులు ఉబ్బసానికి గుర్తుగా తీసుకుంటారు. ఇంత సన్నటి తేడాల మీద నిర్ణయాలు నడిచే జబ్బులో, గదిలో ఫ్యాను చప్పుడుకో ఫోన్ పట్టుకున్న తీరుకో అంకె మారితే ఎవరు బాధ్యులన్నది డాక్టర్ల ప్రశ్న. అది కొట్టిపారేయదగ్గది కాదు.

ఓపిక సంగతి మరొకటి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై వైద్యులు 2015లో ఐఫోన్ ద్వారా ఉబ్బస అధ్యయనం మొదలుపెడితే ఆరు నెలల్లో 7,593 మంది సమ్మతి తెలిపి చేరారు. క్రమం తప్పకుండా నమోదు చేసినవారు అందులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మిగిలారు.

'శ్వాస' విషయానికొస్తే, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో జరిగినదాన్ని కలుపుకుని దానిపై వెలువడిన ప్రధాన అధ్యయనాలు జబ్బును పసిగట్టడానికి సంబంధించినవి. ఉన్న జబ్బును ఏడాది పొడవునా కనిపెట్టి ఉండటం వేరే పని. బ్రిటన్‌లో 195 ఆస్తమా మరణాలను వరుసగా పరిశీలించి 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం, జబ్బు ముదిరితే ఏం చేయాలో చెప్పే రాతపూర్వక ప్రణాళిక చేతికందినవారు వారిలో 23 శాతమే. సుమారు 45 శాతం మంది వైద్యసాయం కోరకుండానో, అది అందేలోపో చనిపోయారు. ఫోన్ పక్షం ఈ రెండో అంకెను తరచూ చూపుతుంది, మొదటి అంకె జోలికి అంతగా పోదు.