సలహా ఇచ్చినవాళ్ళు ఎవరి మనుషులు?

కమ్యూనిస్టు పాలన పోయాక, ప్రభుత్వ ఫ్యాక్టరీలని ప్రైవేటుకి అమ్మడంలో సలహా ఇవ్వడానికి 1990ల మొదట్లో పోలండ్‌కి దిగిన పాశ్చాత్య కన్సల్టెంట్లకి అక్కడి జనం పెట్టిన పేరు 'మారియట్ బ్రిగేడ్'. వార్సా మారియట్ హోటల్లో దిగడం, నాలుగు ఫ్యాక్టరీలు చుట్టి రావడం, రిపోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కడం. వాళ్ళ ఫీజులో చాలా భాగం అమెరికా, యూరప్ దేశాల సాయం నిధుల నుంచే వచ్చేది, అంటే 'పోలండ్‌కి సాయం' అని పద్దు రాసిన డబ్బు కొంత బయల్దేరిన చోటికే తిరిగి వెళ్ళేదన్నమాట.

అలాగని సలహా అక్కర్లేదని కాదు. ధరలన్నీ ప్రణాళికా సంఘం నిర్ణయించిన దేశంలో ఒక ఫ్యాక్టరీ ఖరీదెంతో ఎవరు చెప్తారు? వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్ 1991 ఏప్రిల్ 16న ఐదంటే ఐదే కంపెనీలతో మొదలైంది, అదీ పాత కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు భవనంలో.

అసలు కథ రష్యాది. 1992 అక్టోబర్ నుంచి ప్రభుత్వ కంపెనీల షేర్లు కొనుక్కోవడానికి మనిషికి 10,000 రూబుళ్ళ వోచర్ చొప్పున పంచారు. దీంతో రెండు వోల్గా కార్లు వస్తాయని ప్రైవేటీకరణ మంత్రి చుబైస్ ఊరించాడు గానీ, ధరలు మండిపోతున్న రోజుల్లో చాలామంది దాన్ని అయినకాడికి అమ్మేసుకున్నారు. మాస్కోలో బోల్షెవిక్ బిస్కెట్ ఫ్యాక్టరీతో మొదలైన వోచర్ వేలాలకి సలహా ఇచ్చిన క్రెడిట్ స్విస్ ఫస్ట్ బోస్టన్ అనే పాశ్చాత్య బ్యాంకు మనుషులే ఆ తర్వాత వోచర్ల కొనుగోలులోనూ పెద్ద చేతులయ్యారు.

1995లో వచ్చిన 'అప్పుకి షేర్లు' పథకం మాత్రం విదేశీ సలహాదారుల ఆలోచన కాదు, పొతానిన్ అనే స్థానిక బ్యాంకరుది. ఖజానా ఖాళీ, ముందర ఎన్నికలు. బ్యాంకులు ప్రభుత్వానికి అప్పిచ్చి కంపెనీల షేర్లు తాకట్టు పెట్టుకున్నాయి, ఆ అప్పు ఎలాగూ తీరలేదు, షేర్లు వాళ్ళ పరమయ్యాయి. తమాషా ఏంటంటే, ఎక్కువ అప్పిచ్చేవాళ్ళకే తాకట్టు అని పెట్టిన వేలం నడిపిందీ ఆ బ్యాంకులే. నొరిల్స్క్ నికెల్ అనే లోహాల కంపెనీలో 38 శాతం వాటా 17 కోట్ల డాలర్లకి పొతానిన్ బ్యాంకు చేతికే పోయింది, అంతకి రెండింతలు పలికిన ఇంకో బిడ్‌ని ఏదో సాంకేతిక కారణం చెప్పి పక్కన పెట్టేశారు!

ఇక హార్వర్డ్ సంగతి. అమెరికా సాయం డబ్బుతో రష్యా ప్రభుత్వానికి సలహాలిస్తున్న హార్వర్డ్ విశ్వవిద్యాలయం మనుషులు ఆండ్రే ష్లైఫర్, జోనథన్ హే అదే సమయంలో అక్కడ సొంత పెట్టుబడులు పెట్టారని అమెరికా ప్రభుత్వం 2000లో బోస్టన్‌లో కేసు వేసింది. 2005లో హార్వర్డ్ 2.65 కోట్ల డాలర్లు, ష్లైఫర్ 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని, తప్పు మాత్రం ఒప్పుకోకుండా రాజీపడ్డారు.

1995లో ఆ 'అప్పుకి షేర్లు' పథకం కిందే దాదాపు 10 కోట్ల డాలర్లకి 51 శాతం వాటా చేతులు మారిన సిబ్‌నెఫ్ట్ చమురు కంపెనీని, 2005లో, రష్యా ప్రభుత్వ ఆధీనంలోని గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ కొనుక్కుంది. సుమారు 73 శాతానికి ఈసారి ఇచ్చింది 1,300 కోట్ల డాలర్ల పైమాటే.