గ్రూపులో అడిగితే జవాబు దొరికినట్టేనా? లైబ్రేరియన్ల పనిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: లైబ్రేరియన్ ఫేస్‌బుక్ చూస్తున్నాడంటే పని ఎగ్గొడుతున్నట్టే.

వాస్తవం: పాత తెలుగు పుస్తకాల వివరాలు చాలావాటికి క్యాటలాగుల్లో సరిగ్గా ఉండవు. పాత పుస్తకాలు పోగుచేసేవాళ్లకు, రిటైరైన మాస్టార్లకు, రచయితల మనవళ్లకు తెలిసి ఉంటాయి. వాళ్లలో చాలామంది ఇప్పుడు ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లోనే ఉన్నారు. మా బీరువాల్లో దొరకని సంగతి ఎవరిని అడగాలో తెలిసి ఉండటం కూడా మా పనే. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంతటి సంస్థే 2008 జనవరిలో దాదాపు 3,000 పాత ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టింది. వాటిలో ఉన్నది ఎవరో, ఏ ఊరో జనం చెప్పారు. సిబ్బంది ఆ వివరాలను సరిచూసుకున్నాకే తమ రికార్డుల్లోకి ఎక్కించారు.

అపోహ: కామెంట్లలో జవాబు వచ్చేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఒక పాత పుస్తకం ముఖపత్రం మీద ‘రక్తాక్షి సంవత్సరం’ అని మాత్రమే ఉందనుకోండి. ఫొటో పెట్టగానే ఎవరో ఒకరు 1924 అంటారు. కావచ్చు. కానీ మన సంవత్సరాలు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కదా, 1864లోనూ రక్తాక్షే, 1984లోనూ రక్తాక్షే. ధర అణాల్లో ఉంటే 1984 కాదని తేలిపోతుంది. మిగతా రెండింటిలో ఏదో తేలాలంటే ఆ ప్రెస్ ఎప్పుడు పెట్టారో చూడాలి, అదే ప్రెస్ వేసిన వేరే పుస్తకాలు తీసి పక్కపక్కన పెట్టుకోవాలి. ముందుమాట రాసినాయన ఏ కాలం మనిషో కూడా చూడాలి. పదిమంది ఒకే మాట చెప్పారని నమ్మేయడానికి లేదు, పదిమందీ ఒకే ఫార్వర్డ్ చదివి ఉండొచ్చు. తేలిన తర్వాత, దారి చూపినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు రికార్డులో రాయాలి. చాలాచోట్ల ఇది చేయట్లేదు, నాకు బాధగా ఉంటుంది.

అపోహ: గ్రూపులో దొరికిన పీడీఎఫ్ ఎవరికైనా పంపేయొచ్చు.

వాస్తవం: కుదరదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. హక్కులు తీరిన పుస్తకాలకైతే తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం చూడండి.

అపోహ: పాఠకుడి వివరాలతో సహా పెడితే జవాబు తొందరగా వస్తుంది.

వాస్తవం: లైబ్రరీకి వచ్చి జబ్బుల గురించి అడిగేవాళ్లుంటారు, విడాకుల చట్టం గురించి అడిగేవాళ్లుంటారు. వాళ్ల పేరు, ఊరే కాదు, వాళ్లు రాసిచ్చిన చీటీ ఫొటో కూడా గ్రూపులో పెట్టకూడదు, చేతిరాతను బట్టి గుర్తుపట్టేస్తారు. నేనైతే ప్రశ్నను నా మాటల్లో తిరగరాసి, నా పేరు మీదే అడుగుతాను.