జూన్‌లో ఇండియా టికెట్లు, అదే వారంలో జ్యూరీ డ్యూటీ: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మా ఆఫీసుకి ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. అవతలి మనిషి ముందు జంకుతూ జంకుతూ ఇంగ్లీషులో మాట్లాడతారు. నా పేరు చెప్పాక "అయ్యో, మీరు తెలుగువాళ్ళా అండీ?" అని ఊపిరి పీల్చుకుని అసలు సంగతిలోకి దిగుతారు. అసలు సంగతి ఎప్పుడూ ఒకటే. పిల్లల బడి అయిపోగానే ఇండియా వెళ్ళడానికి జనవరిలోనే నాలుగు టికెట్లు కొన్నారు, ఇప్పుడు అదే వారానికి జ్యూరీ సమన్స్ వచ్చింది, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి రమ్మని కోర్టు పంపే కాగితం.

నేను టెక్సస్‌లో ఒక కౌంటీ కోర్టులో జ్యూరీ విభాగంలో క్లర్కుని, పదకొండేళ్ళుగా. సమన్స్ పంపడం, వాయిదాలు వేయడం, పొద్దున్నే వచ్చినవాళ్ళకి హాజరు వేసుకోవడం నా పని. లాయర్ని కాదు. కాబట్టి ఇక్కడ రాసేది టెక్సస్ సంగతి, అదీ రోజూ కౌంటర్ దగ్గర చూసేది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్ళు మీ సమన్స్ మీద ఏం రాసుందో అది చదవండి, గడువులు వేరుగా ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇది: "వెకేషన్ అంటే కోర్టు ఒప్పుకోదు, ఏదో ఒక గట్టి కారణం చెప్పాలి."

కారణమే అడగం అండీ. మొదటిసారి వాయిదాకి మీరు ఇండియా వెళ్తున్నారా, గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తున్నారా, ఇంట్లో పడుకుంటారా అన్నది మాకు అక్కర్లేదు. టెక్సస్ గవర్నమెంట్ కోడ్‌లో 62.0143 అని ఒక సెక్షన్ ఉంది. అందులో ఉన్నవి మూడే మూడు సంగతులు. మీరు రావాల్సిన తేదీకి ముందే అడగాలి. అంతకు ముందు ఏడాదిలో ఆ కౌంటీలో ఒకసారి వాయిదా తీసుకుని ఉండకూడదు. కొత్త తేదీ, పాత తేదీ నుంచి ఆరు నెలల లోపు ఉండాలి. ఈ మూడూ సరిపోతే క్లర్కు వాయిదా ఇచ్చి తీరాలి. దయతలచి ఇచ్చేది కాదు, బతిమాలాల్సిన పని అంతకన్నా లేదు.

ఈ మాట తెలియకే రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఫైలు తెరిచి ఒక్కొక్కటే పేర్చారు. టికెట్ల ప్రింటు, పాస్‌పోర్టు జిరాక్సు, మేనల్లుడి పెళ్ళి శుభలేఖ. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది, ఆ పసుపు కాస్తా టికెట్ల ప్రింటుకి అంటుకుంది. పక్క సీటులో ఉన్న మా అమెరికన్ సహోద్యోగి అది చూసి, పాపం కాఫీ ఒలికిందేమో అనుకుని టిష్యూ ఇచ్చింది. ఆయన ముహూర్తం ఎన్నింటికో కూడా చెప్పబోతుంటే నేనే ఆపి, "బాబాయి గారూ, సెప్టెంబర్‌లో ఏ వారం ఖాళీ మీకు?" అని అడిగాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. "అంతేనా అమ్మా?" అన్నారు. తర్వాత తెలిసింది, ముందు రోజు రాత్రి నిద్ర లేదట, అంతకు ముందు వారమే ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేసి తన ఒక్కడి టికెట్టూ మార్చడానికి ఎంతవుతుందో కనుక్కున్నారట. ఆయన కనుక్కోవడంతో ఆగారు. డబ్బు కట్టేసి మార్చుకున్నాక నా దగ్గరికి వచ్చినవాళ్ళని కూడా చూశాను. వాళ్ళకి ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

ఆయన భయం నాకు అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో కోర్టు మెట్లెక్కడం అంటేనే పరువు పోవడం. సమన్స్ అన్న మాట వింటే పొలం గట్టు తగాదాలు గుర్తొస్తాయి. జ్యూరీ అన్నది మనం కళ్ళతో చూసింది కాదు కూడా. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ అధికారి మీద నడిచిన హత్య కేసు తర్వాత ఇండియాలో జ్యూరీలు క్రమంగా పోయాయి, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి వాటి ఊసే లేదు. అలాంటి చోటి నుంచి వచ్చి, ఇక్కడ పౌరసత్వం తీసుకున్న ఏడాదికే ఈ కాగితం వస్తే టెన్షన్ పడరా మరి. భయపడేవాళ్ళ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ భయాన్ని పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో సలహాలిచ్చే మేధావుల మీద.

ఆ సలహాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది: "సమన్స్ వెనకాల నేను అమెరికా పౌరుణ్ణి కాదు అని ఒక గడి ఉంటుంది చూడు, దానికి టిక్ పెట్టి పంపేయ్, మళ్ళీ నీ జోలికి రారు. ఎవడు చూస్తాడు?"

నేను చూస్తానండీ. అంటే నేననే కాదు, ఆ టిక్ ఎక్కడికెళ్తుందో చెబుతాను వినండి. పౌరులు కాదని చెప్పి జ్యూరీ నుంచి తప్పుకున్నవాళ్ళందరి పేర్లతో మేము ఒక జాబితా పెట్టాలి, నెలనెలా అది కౌంటీ ఓటర్ల రిజిస్ట్రార్‌కీ, రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కీ, ప్రాసిక్యూటర్ ఆఫీసుకీ వెళ్ళాలి. చట్టమే అలా ఉంది. రిజిస్ట్రార్ దగ్గర మీ పేరు ఓటర్ల జాబితాలో ఉంటే, పౌరసత్వానికి రుజువు చూపించమని ఇంటికి ఉత్తరం వస్తుంది. జవాబుకి 30 రోజులు. ఆ 30 రోజులూ మీరెక్కడుంటారు? విజయవాడలో ఆవకాయ జాడీలకి గుడ్డ కడుతూ ఉంటారు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఒక జంటకి సరిగ్గా ఇలాగే జరిగింది. ఇద్దరూ పౌరులే, ఆవిడకి సమన్స్ వచ్చింది, ఎవరో చెప్పారని ఆ గడికి టిక్ పెట్టి ఆరు వారాలు ఇండియా వెళ్ళారు. ఉత్తరాలన్నీ పక్కింటివాళ్ళు తీసి సంచీలో పడేశారు. తిరిగొచ్చాక ఆ సంచీ గ్యారేజీలో ఒక మూల చేరింది. నవంబర్‌లో ఓటెయ్యడానికి వెళ్తే ఆవిడ పేరు లేదు. పాస్‌పోర్టు చూపించి పేరు మళ్ళీ ఎక్కించుకున్నారనుకోండి, కానీ "నేను ఈ దేశ పౌరురాలిని కాను" అని సొంత సంతకంతో ఒక కాగితం ప్రభుత్వం దగ్గర ఉండిపోయింది. ఆ పైన తప్పుకోవడానికి తప్పుడు సమాచారం ఇస్తే 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం జడ్జికి ఉంది. ఇదంతా దేనికి? నాకు ఒక్క ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో దొరికే వాయిదా కోసం.

సరే, వాయిదా తేలిక అన్నాను కదా అని కళ్ళు మూసుకుని వేసుకోకండి. ఎవరూ చెప్పని సంగతి ఇది. ఎప్పటికి వేయమంటారు అంటే నూటికి తొంభై మంది "ఎంత దూరం కుదిరితే అంత దూరం" అంటారు. జూన్ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టండి. డిసెంబర్. మన ఇళ్ళల్లో రెండో ప్రయాణాల సీజన్ ఏదో చెప్పక్కర్లేదు కదా. రెండోసారి వాయిదా మొదటిదానిలాంటిది కాదు. ఇంట్లో మరణమో, హఠాత్తుగా జబ్బో, తుఫానులో చిక్కుకోవడమో, మొదటిసారి అడిగినప్పుడు ఊహించలేని ఆపద అయితేనే ఇస్తారు. క్రిస్మస్ సెలవులకి కొన్న టికెట్టు ఆపద కాదు.

ఈ గోతిలో పడ్డది మా ఆయనే. జ్యూరీ ఆఫీసులో పనిచేసే పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని, ఒక్క మాట అడక్కుండా, సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఫోన్‌లో వాయిదా నొక్కేశారు. చూపించిన తేదీల్లో చిట్టచివరిది. డిసెంబర్ రెండో వారం! మా అత్తగారి షష్టిపూర్తికి డిసెంబర్ ప్రయాణం నవంబర్‌లో ఖాయమయ్యాక గానీ ఆ సంగతి ఆయనకి గుర్తు రాలేదు. మా సూపర్‌వైజర్‌ని నేనేమీ అడగలేదు, అడిగే మొహం కూడా లేదు. పిల్లల్ని తీసుకుని నేను ముందు వెళ్ళాను, ఆయన టికెట్టు మార్చడానికి డబ్బు కట్టి అయిదు రోజుల తర్వాత వచ్చారు. తీరా ఆ రోజు ఆయన్ని మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేశారట. "కోర్టులో పని చేస్తూ ఆ మాత్రం చేయించలేకపోయావా" అని మా అత్తగారు ఇప్పటికీ నన్నే అంటారు.

కాబట్టి బడులు తెరిచాక సెప్టెంబర్ నడిమధ్య వారమో, అక్టోబర్ మొదట్లోనో వేసుకోండి. ఫోన్ చేసే ముందు ఇంట్లో గోడ క్యాలెండర్ చూడండి, దసరా బతుకమ్మలు ఎప్పుడో చూడండి, ఆఫీసులో రిలీజ్ తేదీలు చూడండి. కొత్త తేదీ చెప్పాక అది కాగితం మీదో మెయిల్లోనో వచ్చిందా లేదా చూసుకోండి, రాకపోతే మళ్ళీ ఫోన్ చేయండి. సమన్స్ మీద ఉన్న జ్యూరర్ నంబర్‌ని ఒక ఫోటో తీసి పెట్టుకుంటే సగం పని తేలిక.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మామూలు పోస్టులో వచ్చింది, అందిందని రుజువేంటి?" మామూలు పోస్టులోనే వస్తుంది, చట్టం ఒప్పుకుంది. మీరు కోర్టుకి రాకపోతే పైన చెప్పిన 100 నుంచి 1,000 డాలర్ల జరిమానా లెక్కే దీనికీ. ఇప్పటికే తేదీ దాటిపోయిందా? దాక్కోకండి, ఈరోజే ఫోన్ చేయండి. తనంతట తాను ఫోన్ చేసినవాళ్ళతో ఎవరూ కఠినంగా మాట్లాడరు, కనీసం మా ఆఫీసులో.

"హెచ్1బీ మీద ఉన్నాను, సమన్స్ వచ్చింది, వీసాకి ఏమైనా అవుతుందా?" ఏమీ కాదు. మేము సమన్స్ పంపే పేర్లు ఓటర్ల జాబితా నుంచీ, డ్రైవర్ లైసెన్సుల జాబితా నుంచీ వస్తాయి. లైసెన్స్ ఉంది కాబట్టి వచ్చింది. కాలిఫోర్నియాలో అయితే 2022 నుంచి రాష్ట్రానికి ట్యాక్స్ కట్టేవాళ్ళ జాబితా కూడా కలిపారు. పైన తిట్టిపోసిన గడి ఉంది చూశారూ, అది మీకోసమే. హెచ్1బీ అయినా గ్రీన్‌కార్డు అయినా దానికి నిజాయితీగా టిక్ పెట్టి పంపండి. వాయిదా వేసుకోకండి, చెత్తబుట్టలో వేయకండి. పౌరులు కాకుండా పౌరులమని మాత్రం ఎక్కడా సంతకం పెట్టకండి, ఇమ్మిగ్రేషన్‌లో దాన్ని దాదాపుగా క్షమించరు. పొరపాటున ఓటర్ల జాబితాలో కూడా పేరుందా, అప్పుడు నన్ను కాదు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవండి.

"అమ్మానాన్న పౌరులు, ఆరు నెలలు అక్కడా ఆరు నెలలు ఇక్కడా ఉంటారు." వయసు 75 దాటితే మినహాయింపు అడగవచ్చు, సమన్స్ మీదే ఉంటుంది. దాటకపోతే, ప్రయాణం ఆరు నెలల గడువు దాటేలా ఉంటే, ఆ మాటే రాసి పంపండి. సహేతుకమైన కారణం విని వదిలేసే అధికారం జడ్జికి ఉంది, నాకు లేదు. చెప్పకుండా విమానం ఎక్కించి, ఇక్కడ కొడుకు "మా నాన్న ఊళ్ళో లేరు" అని తేదీ దాటాక ఫోన్ చేస్తే నేనేం చేయగలను చెప్పండి.

"ఇంగ్లీషు రాదు అంటే వదిలేస్తారు." నిజంగా రానివాళ్ళని వదిలేస్తారు. ఇరవై ఏళ్ళుగా ఐటీలో ప్రాజెక్టులు నడిపినాయన వచ్చి ఈ మాట చక్కటి ఇంగ్లీషులో జడ్జికి చెబితే, ఆవిడ నవ్వి కూర్చోమంది.

జ్యూరీకి వచ్చినందుకు ఇచ్చే డబ్బు మొదటి రోజుకి 20 డాలర్లు, ఆ తర్వాత రోజుకి 58. జ్యూరీకి వెళ్ళినందుకు ఉద్యోగం తీసేయకూడదు, చట్టం ఉంది. జీతం ఇవ్వాలా లేదా అన్నది కంపెనీ పాలసీ, ఎక్కువ కంపెనీలు ఇస్తాయి, హెచ్ఆర్‌ని అడగండి. కవరు మీద యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్ అని ఉంటే అది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టు, మాకు సంబంధం లేదు. వాళ్ళ వాయిదా పద్ధతి వేరు, అందులో ఉన్న నంబర్‌కే చేయండి.

ఇంకొకటి. "మీరు జ్యూరీకి రాలేదు, వారెంట్ ఉంది, ఇప్పుడే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అని షెరీఫ్ ఆఫీసు పేరుతో ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మేము ఫోన్‌లో డబ్బు అడగం, ఎప్పుడూ అడగలేదు. పోయిన వేసవిలో ఒక అమ్మాయి ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్లో ఉండగా అలాంటి ఫోన్ వచ్చి, ఏడుస్తూ మా ఆఫీసుకి చేసింది. పేరు కొట్టి చూస్తే ఆ అమ్మాయికి అసలు సమన్సే వెళ్ళలేదు.