మెయిన్ బీమ్ బాగుంటే క్యాలిబ్రేషన్ కుదిరినట్టు కాదు

అపోహ: చాలా ఎలిమెంట్లున్న యాంటెన్నాలో మెయిన్ బీమ్ (సిగ్నల్ అత్యధిక బలంతో వెళ్లే, వచ్చే దిక్కు) అనుకున్న దిక్కుకే తిరిగింది, గెయిన్ (ఆ దిక్కున పెరిగే బలం) లెక్కకు దగ్గరగా ఉంది. ఇక ఛానళ్ల క్యాలిబ్రేషన్ (ఒక్కో ఎలిమెంట్ సిగ్నల్ దారిలోని తేడాలను కొలిచి సరిచేయడం) అయిపోయినట్టే.

శాటిలైట్ మొబైల్ టెర్మినళ్లకు డిజిటల్ బీమ్‌ఫార్మింగ్ (ఎలిమెంట్ల సిగ్నళ్లను వెయిట్లు అనే సంఖ్యలతో గుణించి, కలిపి బీమ్‌ను తిప్పడం) చేసేచోట నెలలకు నెలలు తినేసేది ఈ నమ్మకమే. సైడ్‌లోబ్‌లు (పక్క దిక్కులకు పోయే చిన్న బీములు) దిగవు, నల్ (అక్కర్లేని దిక్కును మూసేసే గుంట) పడదు. తప్పు అల్గారిథమ్‌లో ఉందనుకుని కోడ్ తిరగరాస్తారు. గడువు దగ్గరపడ్డ ఎంటెక్ పిల్లలైతే తమకు గణితమే రాదేమోనని కుంగిపోతారు. కుంగిపోవద్దు. గణితం జోలికి వెళ్లేముందు ఫేజ్ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో చెప్పే కోణం) చూడండి.

16 ఎలిమెంట్ల యాంటెన్నాలో ఛానళ్ల మధ్య 10 డిగ్రీల ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) ఫేజ్ తేడా ఉందనుకోండి. మెయిన్ బీమ్‌లో పోయేది 0.13 డీబీ. అది ఎవరికీ కనబడదు. 30 డిగ్రీలున్నా పోయేది 1.2 డీబీయే. కానీ ఆ 10 డిగ్రీలే సైడ్‌లోబ్‌లను మెయిన్ బీమ్‌కు సగటున 27 డీబీ కింద ఆపేస్తాయి. టేపర్ (అంచు ఎలిమెంట్ల వెయిట్లు తగ్గించడం) ఎంత గట్టిగా వేసినా, యాంటెన్నా కొలతల నుంచి లెక్కగట్టి నల్ వేసినా అంతకంటే కిందికి దిగదు. తేడాను 5 డిగ్రీలకు తెస్తే 33 డీబీ వస్తుంది. అదే ఫ్రీక్వెన్సీని మరో బీమ్‌లో మళ్లీ వాడుకునే వ్యవస్థకు ఆ 6 డీబీ చాలా పెద్దది.

ఇంతకీ 10 డిగ్రీలు ఎక్కడివి? 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర మామూలు కోయాక్స్ కేబుల్‌లో తరంగదైర్ఘ్యం 13 సెంటీమీటర్లు. అంటే 1 మిల్లీమీటరుకు దాదాపు 2.8 డిగ్రీలు. కేబుల్ కోతలో 4 మిల్లీమీటర్ల తేడా చాలు. నేరుగా ఆర్‌ఎఫ్ శాంప్లింగ్ (రేడియో ఫ్రీక్వెన్సీలోనే సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చడం) చేస్తుంటే 10 పికోసెకన్ల క్లాక్ తేడా 5.8 డిగ్రీలవుతుంది. ఇవి మారవు కాబట్టి ఒకసారి కొలిచి తీసేయొచ్చు. అసలు చిక్కు బోర్డుకో పీఎల్‌ఎల్ (ఫ్రీక్వెన్సీని తయారుచేసే సర్క్యూట్) ఉన్నప్పుడు వస్తుంది. పవర్ ఆన్ చేసినప్పుడల్లా అందులోని డివైడర్లు వేరే ఫేజ్‌లో లేస్తాయి, నిన్నటి క్యాలిబ్రేషన్ టేబుల్ ఇవాళ పనికిరాదు. లోకల్ ఆసిలేటర్ (ఫ్రీక్వెన్సీ మార్చడానికి వాడే సిగ్నల్ మూలం) ఒక్కటే పెట్టి అన్ని బోర్డులకూ పంచండి. కన్వర్టర్ల డేటా లింక్ జెస్డ్204బీ (JESD204B) అయితే సబ్‌క్లాస్ 1లో సిస్‌రెఫ్ (అందరికీ ఒకే సమయం చూపే సిగ్నల్) వాడండి. అన్ని ఎన్‌సీఓలనూ (డిజిటల్ ఆసిలేటర్లను) ఒకే సిస్‌రెఫ్ అంచు మీద రీసెట్ చేయండి.

ఆ తర్వాతే కొలత. కప్లర్ నెట్‌వర్క్ (సిగ్నల్‌లో కొంత భాగాన్ని ప్రతి ఛానల్‌లోకీ పంపే అమరిక) ద్వారా ఒకే టోన్‌ను అన్ని ఛానళ్లలోకి పంపి, మొదటి ఛానల్‌తో ప్రతిదాని కాంప్లెక్స్ నిష్పత్తి తీయండి. బ్యాండ్ మధ్యలో ఒక్కచోట కొలిస్తే చాలదు, రెండు అంచుల్లోనూ కొలవాలి. కప్లర్ నెట్‌వర్క్ సొంత తేడాను ముందే వీఎన్ఏతో (నెట్‌వర్క్ ఎనలైజర్‌తో) కొలిచి తీసేయాలి. చాలామంది ఇది మరిచిపోయి, కప్లర్ తప్పునంతా వెయిట్లలోకి ఎక్కిస్తారు. బోర్డు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట వేడెక్కాక ఒకసారి, నాలుగైదు సార్లు పవర్ ఆపి వేశాక మళ్లీ చూడండి. ఏజీసీని (గెయిన్‌ను తనంతట తానే సర్దే సర్క్యూట్‌ను) ఛానల్‌కొకటిగా తిరగనివ్వకండి. అటెన్యుయేటర్ ఒక మెట్టు మారితే ఫేజూ మారుతుంది. ఇంకోటి, ఈ టోన్ యాంటెన్నా ఎలిమెంట్ గుండా వెళ్లదు. ఎలిమెంట్ల మధ్య కప్లింగ్ ఇందులో కనిపించదు, దానికి ఛాంబర్ (రేడియో ప్రతిధ్వనులు లేని గది) కొలత తప్పదు.

అపోహ: ఎంవీడీఆర్ (వచ్చిన డేటాను బట్టి వెయిట్లు ఎంచుకునే అల్గారిథమ్) పెడితే క్యాలిబ్రేషన్ అక్కర్లేదు.

జామర్ (అడ్డుపడే సిగ్నల్) మీద నల్ నిజంగానే పడుతుంది, ఎందుకంటే అది వచ్చిన డేటా నుంచే నేర్చుకుంటుంది. కానీ స్టీరింగ్ వెక్టర్ (కావలసిన దిక్కు నుంచి ఒక్కో ఎలిమెంట్‌కు రావాల్సిన ఫేజ్‌ల పట్టిక) తప్పయితే మీకు కావలసిన సిగ్నల్‌నే జామర్ అనుకుని నొక్కేస్తుంది, సిగ్నల్ ఎంత బలంగా ఉంటే అంత గట్టిగా. నాయిస్‌కు 5 నుంచి 10 డీబీ పైన డయాగనల్ లోడింగ్ (లెక్కలోని మ్యాట్రిక్స్ కర్ణానికి కొంత కలపడం) వేస్తే ఈ దెబ్బ తగ్గుతుంది. పూర్తిగా పోదు.

అపోహ: ఏడీసీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చే భాగం) సాచురేట్ అయినా, అంటే సిగ్నల్ దాని పరిమితి దాటినా, వెయిట్లు సర్దుతాయి.

సర్దవు. విరిగిన వేవ్‌ఫామ్‌కు ఏ వెయిటూ మందు కాదు. బలమైన సిగ్నల్‌ను ఫుల్ స్కేల్‌కు 10 డీబీ కిందే ఉంచండి.

అపోహ: బీమ్‌ఫార్మింగ్ శాటిలైట్‌లోనే జరగాలి.

2010లో వెళ్లిన మొబైల్ సేవల శాటిలైట్ స్కైటెర్రా-1 బీములు నేల మీదే తయారవుతాయి. అందుకు ప్రతి ఫీడ్ (శాటిలైట్ యాంటెన్నాలోని ఒక్కో ఎలిమెంట్) సిగ్నల్‌నూ విడివిడిగా కిందికి దించాలి కాబట్టి ఫీడర్ లింక్ (శాటిలైట్‌కు, భూకేంద్రానికి మధ్య లింక్) బ్యాండ్‌విడ్త్ బాగా ఖర్చవుతుంది.

అపోహ: డిజిటల్ కాబట్టి శాటిలైట్ ఫోన్ ఇంట్లోనూ పనిచేస్తుంది.

గెయిన్ ఇచ్చేది శాటిలైట్ యాంటెన్నా అద్దం (రిఫ్లెక్టర్) వైశాల్యం. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన జీశాట్-6కు 6 మీటర్ల విచ్చుకునే యాంటెన్నా, తురాయా ఫోన్ల శాటిలైట్లకు 12.25 మీటర్ల అద్దం పెట్టింది అందుకే. 36,000 కిలోమీటర్ల దూరానికి ఎల్-బ్యాండ్‌లో (1.6 గిగాహెర్ట్జ్ దగ్గర) పోయేది 188 డీబీ. ఆ పైన మిగిలే కాస్త మార్జిన్‌ను ఒక్క కాంక్రీట్ స్లాబే మింగేస్తుంది. బయటికొచ్చి, శాటిలైట్ ఉన్న వైపు ఆకాశం కనబడేలా నిలబడండి.