సీడీలు ఖాళీ చేసిన చోటు

పుస్తకాల షాపుకి పిల్లల్ని తీసుకెళ్తే బొమ్మతో బయటికి రావాల్సి వస్తోందన్న గొడవ మళ్లీ మొదలైంది. షాపులవాళ్లు పాత జవాబే చెబుతున్నారు: ఈ కాలం పిల్లలు చదవట్లేదు, బొమ్మలు అమ్మకపోతే అద్దె కట్టలేం. ఆన్‌లైన్ అమ్మకాలు షాపుల్ని ఎలా దెబ్బతీశాయో అందరికీ తెలిసిందే, అది మళ్లీ చెప్పను. నా దృష్టిలో అసలు మలుపు పుస్తకాల అరల దగ్గర రాలేదు, సీడీల ర్యాకుల దగ్గర వచ్చింది.

1990ల్లో అమెరికాలో బోర్డర్స్, బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల సంస్థలు ఊరూరా పెద్ద పెద్ద షాపులు తెరిచాయి. ఏళ్ల తరబడి సాగే లీజులు రాసుకున్నాయి. ఆ షాపుల్లో పాటల సీడీలకీ సినిమా డిస్కులకీ బోలెడంత చోటిచ్చారు. 2000 దాటాక జనం పాటలు కంప్యూటర్లలోకి దించుకోవడం మొదలుపెట్టారు, సీడీల బేరం పడిపోయింది. చోటు ఖాళీ అయింది, అద్దె మాత్రం అలాగే ఉంది.

ఆ ఖాళీని ఏం చేయాలో తోచక ముందు మునిగింది బోర్డర్స్. 2001లో తన ఆన్‌లైన్ అమ్మకాల్ని అమెజాన్ చేతిలోనే పెట్టింది. 2008లో వెనక్కి తీసుకునేసరికి ఈ-పుస్తకాలు చదువుకునే అమెజాన్ పరికరం కిండిల్ కూడా వచ్చేసింది. 2011లో, చివరికి మిగిలిన దాదాపు 400 షాపులూ మూతపడ్డాయి, 10 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అది చూసి మిగతావాళ్లకి టెన్షన్ పట్టుకుంది. బొమ్మలు, ఆటసామాన్లు, బహుమతి సరుకు బారులు తీరింది ఆ రోజుల్లోనే. 2014లో కెనడాలోని ఇండిగో సంస్థ అయితే తన పుస్తకాల షాపుల్లో అమెరికన్ గర్ల్ బొమ్మలకి ప్రత్యేక విభాగాలే తెరిచింది.

అంటే బొమ్మ ముందుగా కూర్చున్నది సీడీ లేచిపోయిన చోట్లో. పిల్లల పుస్తకాల వైపు జరిగింది ఆ తర్వాతే. పిల్లలు చదవడం మానేశారని ఎవరో లెక్కలు తీసి ఆ పని చేయలేదు.

షాపువాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. ఒక పుస్తకం ఒక్కో ఎడిషన్‌కి, ఏ షాపులో అమ్మినా ఒకే ఐఎస్‌బీఎన్, అంటే దాన్ని గుర్తించే నంబరు, ఉంటుంది. ఆ అంకెలు ఫోన్‌లో కొడితే చాలు, ఎక్కడ చవకో తెలిసిపోతుంది. ఊరూపేరూ లేని మెత్తటి కుందేలు బొమ్మని అలా పోల్చి చూడటం కష్టం. అందుకే దాని మీద లాభం నిలుస్తుంది.

కానీ ఆ బొమ్మని ఎక్కడ పెడుతున్నారో చూడాలి. మొన్న మా ఆరేళ్ల పాపతో ఒక షాపుకెళ్లాను. పిల్లల విభాగంలో కింది రెండు అరలూ బొమ్మలే. ఒక ఏనుగు డబ్బాకి ముందు గుండ్రటి రంధ్రం, లోపల నొక్కే బటన్. ఎంతమంది పిల్లలు నొక్కారో, బ్యాటరీ నీరసించి ఘీంకారం మూలుగులా వస్తోంది. పుస్తకాలు నా భుజం ఎత్తులో, వెన్నులు మాత్రం కనబడేలా పేర్చి ఉన్నాయి. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల మెడ వంచి, అడ్డంగా ఉన్న పేర్లు ఎలా చదువుతుంది? ఒక పుస్తకం తీసి చేతికిచ్చాను. ఏనుగు డబ్బా చంకలో పెట్టుకునే నేలమీద కూర్చుంది, చివరి పేజీ దాకా తిప్పింది. బిల్లు కౌంటర్ దగ్గర మళ్లీ కీచెయిన్లు, సరిగ్గా పాప గడ్డం ఎత్తులో.

ఈ పద్ధతి మారదని ఒప్పుకోలేకపోవడానికి నాకు ఒక కారణం ఉంది. 2011లో బ్రిటన్‌లో కష్టాల్లో ఉన్న వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల షాపుల సంస్థ పగ్గాలు జేమ్స్ డాంట్ తీసుకున్నాడు. ప్రచురణకర్తల దగ్గర డబ్బు తీసుకుని వాళ్ల పుస్తకాలు ముందు వరసలో పెట్టే అలవాటు మాన్పించాడు. ఏ పుస్తకం ముందుండాలో ఆ షాపు సిబ్బందికే వదిలేశాడు. అమ్ముడుపోక వెనక్కి వెళ్లే పుస్తకాలు బాగా తగ్గాయి. 2019లో బార్న్స్ అండ్ నోబుల్‌కి అధిపతిగా వచ్చాక బొమ్మల్ని పూర్తిగా తీసేయలేదు గానీ, పుస్తకం కాని సరుకుని తగ్గించాడు. 2020లో షాపులు మూసి ఉన్నప్పుడు అరలు కొత్తగా సర్దించాడు. మూతపడుతూ వచ్చిన ఆ సంస్థ 2024 ఒక్క ఏడాదిలోనే 50కి పైగా కొత్త షాపులు తెరిచింది. పిల్లలు చదవట్లేదని అంటున్న కాలం కూడా ఇదే.

ఇప్పటి గొడవలో నేను విన్న తల్లిదండ్రులెవరూ బొమ్మలు తీసేయమనడం లేదు. కింది అరల్లో, ముందు అట్ట కనబడేలా పుస్తకాలు పెట్టమంటున్నారు. అలా పెడితే ఇరవై పుస్తకాలు పట్టే చోట మూడో నాలుగో పడతాయని షాపులవాళ్లు అంటున్నారు. అది నిజమే. మిగతా చోటు ఎక్కడినుంచి తేవాలన్న దగ్గర మాట ఆగిపోయింది. సీడీలున్న గోడ గురించి మాత్రం ఇంకా ఎవరూ ఎత్తలేదు.