ఓఎస్ అప్‌గ్రేడ్ చేశాక డిజైన్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తోందా? నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

డిజైన్ మెషీన్లు, ప్రీప్రెస్ (అచ్చుకి ముందు ఫైల్స్ సిద్ధం చేసే) సెటప్‌లు చూసుకోవడం నా పని. కొత్త ఓఎస్ (విండోస్, మ్యాక్‌ఓఎస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చిన వారం ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటా. "అన్నా, రాత్రి అప్‌డేట్ నొక్కి పడుకున్నా, పొద్దున్నే చూస్తే ఇల్లస్ట్రేటర్ ఓపెన్ అవ్వట్లేదు, మధ్యాహ్నానికి ఫైల్ ప్రెస్‌కి వెళ్లాలి" అని ఒకరు, "ఓఎస్ నా ఫైల్స్ అన్నీ మింగేసింది" అని ఇంకొకరు. వెళ్లి చూస్తే చాలాసార్లు ప్రోగ్రామ్ బానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవాటిలో ఏదో ఒకటి పోయి ఉంటుంది. ఇన్‌స్టాలర్, లైసెన్స్, ప్లగిన్ (ప్రోగ్రామ్‌కి అదనంగా తగిలించుకునే ముక్క), డ్రైవర్ (పరికరాన్ని ఓఎస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్), ఫాంట్, పర్మిషన్, వీటిలో ఏదో ఒకటి. అది ఏదో పట్టుకోకుండా ముందే ఫార్మాట్ కొట్టేసేవాళ్లని చూస్తే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అనిపిస్తుంది నాకు.

అపోహ: మాది 64 బిట్ సాఫ్ట్‌వేర్, ఏ ఓఎస్ వచ్చినా ఢోకా లేదు

2019 అక్టోబర్‌లో మ్యాక్‌ఓఎస్ క్యాటలీనా వచ్చినప్పుడు ఈ ధీమాతోనే చాలామంది దెబ్బతిన్నారు. క్యాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రామ్‌లు (64 బిట్‌కి ముందు తరం పద్ధతిలో రాసినవి) అస్సలు రన్ అవ్వవు, వాటికి 2018లో వచ్చిన మొజావేనే ఆఖరు. 2012 నాటి అడోబీ క్రియేటివ్ సూట్ 6 ని అప్పటికీ బోలెడుమంది వాడుతున్నారు, ఒకసారి కొనేస్తే నెలనెలా కట్టే పన్లేదు కాబట్టి. అందులో ఇన్‌డిజైన్ (పేజీ లేఔట్ ప్రోగ్రామ్) 32 బిట్, అది పోతుందని ముందే తెలుసు. ఫోటోషాప్ 64 బిట్ కదా అది మిగులుతుందిలే అనుకున్నారు, కానీ ఫోటోషాప్‌ని ఎక్కించే ఇన్‌స్టాలర్, లైసెన్స్ చూసుకునే ముక్కలు 32 బిట్‌వి! బండి ఇంజిన్ కండిషన్‌లోనే ఉంది, తాళంచెవే తిరగట్లేదన్నమాట.

దీనికి వార్నింగ్ ఇవ్వలేదా అంటే ఇచ్చారు, 2018 నుంచే హై సియెరాలో (మొజావేకి ముందు వెర్షన్) పాత యాప్ తెరవగానే "ఇది మీ మ్యాక్‌కి ఆప్టిమైజ్ కాలేదు, అప్‌డేట్ చేయించాలి" అని బాక్స్ వచ్చేది, మనం ఓకే కొట్టి పనిలో పడిపోయాం. నేనూ కొట్టా, ఎందుకు దాచడం.

విండోస్‌లో కథ వేరు. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రామ్‌లు ఇప్పటికీ నడుస్తాయి, నడవనివి ఇంకా పాతవైన 16 బిట్‌వి. బాగా పాత డిజైన్ ప్రోగ్రామ్‌లు కొన్నిట్లో ప్రోగ్రామ్ 32 బిట్టే అయినా సెటప్ ఫైల్ 16 బిట్‌ది ఉంటుంది, అందుకని డిస్క్ పెట్టి సెటప్ నొక్కితే "ఈ యాప్ మీ పీసీలో రన్ అవ్వదు" అని వస్తుంది. విండోస్ 11 కి 32 బిట్ ఎడిషనే లేదు కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోయింది.

అపోహ: ప్లగిన్ కనిపించట్లేదంటే అప్‌గ్రేడ్‌లో డిలీట్ అయిపోయింది

డిలీట్ అవ్వలేదు, ఫోల్డర్‌లోనే ఉంటుంది, చూసుకోండి. 2020 నవంబర్‌లో ఇంటెల్ చిప్ బదులు ఆపిల్ సొంత చిప్ ఉన్న ఎం1 మ్యాక్‌లు వచ్చాక ఈ గొడవ ఎక్కువైంది. ఆపిల్ చిప్ కోసం రాసిన ప్రోగ్రామ్ ఇంటెల్ కోసం రాసిన ప్లగిన్‌ని లోడ్ చెయ్యలేదు, ఒకే ప్రాసెస్‌లో రెండు రకాల కోడ్ కలవదు కాబట్టి. ఫోటోషాప్ 2021 మార్చిలో ఆపిల్ చిప్‌కి నేటివ్‌గా (నేరుగా దానికోసమే రాసినదిగా) వచ్చింది, వచ్చిన రోజు అందరం స్పీడ్ చూసి మురిసిపోయాం, సాయంత్రానికి ఒక మిత్రుడు ఫోన్ చేసి నాయిస్ తగ్గించే ప్లగిన్ మెనూలోంచి మాయమైందన్నాడు. అప్లికేషన్స్ ఫోల్డర్‌లో ఫోటోషాప్ మీద రైట్ క్లిక్, గెట్ ఇన్ఫో, అక్కడ "ఓపెన్ యూజింగ్ రోజెట్టా" టిక్ పెట్టి మళ్లీ తెరవమన్నా. రోజెట్టా అంటే ఇంటెల్ కోడ్‌ని ఆపిల్ చిప్‌కి అనువదించి నడిపే ఏర్పాటు. ప్లగిన్ వచ్చేసింది, కాకపోతే స్పీడ్ కొంచెం తగ్గింది. ఆ ప్లగిన్ కంపెనీ వాళ్ల కొత్త వెర్షన్ వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చాడు.

అయితే ఈ రోజెట్టా శాశ్వతం అనుకోవద్దు. 2006లో మ్యాక్‌లు పవర్‌పీసీ చిప్‌ల నుంచి ఇంటెల్‌కి మారినప్పుడు మొదటి రోజెట్టా ఇచ్చారు, 2011లో లయన్‌తో తీసేశారు, ఆ రోజుతో ఫ్రీహ్యాండ్ ఎంఎక్స్ అనే పాత డ్రాయింగ్ ప్రోగ్రామ్‌ని నమ్ముకున్నవాళ్ల పని అయిపోయింది. ఇప్పుడూ అదే దారి. మ్యాక్‌ఓఎస్ 26 టహోనే ఇంటెల్ మ్యాక్‌లకి ఆఖరుదని, రోజెట్టా 2 పూర్తిగా ఉండేది మ్యాక్‌ఓఎస్ 27 వరకేనని ఆపిల్ 2025లోనే చెప్పేసింది. అందుకే ఇప్పుడే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి అప్లికేషన్స్ లిస్ట్‌లో "కైండ్" కాలమ్ చూడండి, ఇంటెల్ అని ఉన్నవి ఎన్నో రాసిపెట్టుకోండి. ప్లగిన్లు ఆ లిస్ట్‌లో కనపడకపోవచ్చు, వాటిని విడిగా తయారుచేసినవాళ్ల సైట్‌లోనే చూసుకోవాలి.

అపోహ: అన్ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఏదైనా సెట్ అయిపోతుంది

ఈ సలహా ఇచ్చేవాళ్లంటే నాకు కొంచెం కోపమే. పెన్ టాబ్లెట్ కేసు ఒకటి చెప్తా. ఇల్లస్ట్రేషన్లు చేసే ఒకావిడ మ్యాక్ అప్‌గ్రేడ్ చేసింది, పెన్ కదిలిస్తే కర్సర్ కదులుతోంది కానీ నొక్కితే గీత పడట్లేదు. డ్రైవర్ మూడుసార్లు తీసి మూడుసార్లు వేసింది, ఫోటోషాప్ తీసి మళ్లీ వేసింది, బ్రష్‌లు పోయాయి, వర్క్‌స్పేస్ పోయింది, పెన్ మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

నేను వెళ్లి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచా. యాక్సెసిబిలిటీ లిస్ట్‌లో టాబ్లెట్ డ్రైవర్ పేరు ఉంది, స్విచ్ ఆన్‌లోనే ఉంది! చూసినవాళ్లు ఎవరైనా ఇక్కడ బానే ఉంది అనుకుంటారు. కానీ ఆ ఎంట్రీ పాత డ్రైవర్‌ది, పేరు అదే కానీ లోపలున్న డ్రైవర్ మారిపోయింది, కాబట్టి ఆ పర్మిషన్ చెల్లట్లేదు. కింద ఉన్న మైనస్ గుర్తు నొక్కి ఆ ఎంట్రీ పూర్తిగా తీసేసి, ఇన్‌పుట్ మానిటరింగ్‌లో కూడా అలాగే తీసేసి, మెషీన్ రీస్టార్ట్ చేసి, డ్రైవర్ మళ్లీ అడిగినప్పుడు కొత్తగా ఒప్పుకున్నాం. గీత పడింది, ప్రెషర్ కూడా వచ్చింది. మొత్తం నాలుగు నిమిషాల పని, ఆవిడ రెండు రోజులు ఏడ్చింది దానికోసం.

ఫైల్ ఓపెన్ అవ్వకపోవడం కూడా చాలాసార్లు ఇదే. క్యాటలీనా నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లలోకి తొంగిచూడాలన్నా యాప్ మనల్ని అడగాలి. హడావుడిలో "డోంట్ అలౌ" నొక్కేస్తాం, మర్చిపోతాం, తర్వాత సాఫ్ట్‌వేర్‌ని తిడతాం. ఫైల్స్ అండ్ ఫోల్డర్స్ లిస్ట్‌లో చూసి ఆన్ చేస్తే చాలు.

రీఇన్‌స్టాల్‌లో అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. పాత, ఒకసారి కొన్న లైసెన్స్‌లు ఇన్ని మెషీన్లకి అని లెక్క ఉంటుంది. డీయాక్టివేట్ చెయ్యకుండా డిస్క్ తుడిచేస్తే ఆ లెక్కలో ఒకటి ఖర్చయిపోయినట్టే, పైగా ఆ వెర్షన్ యాక్టివేషన్ సర్వర్ మూతపడి ఉంటే మళ్లీ ఎక్కించుకోవడం దేవుడెరుగు. తీసే ముందు ప్రిఫరెన్సెస్ ఒక్కసారి రీసెట్ చేసి చూడండి, ఫోటోషాప్ అయితే తెరుస్తున్నప్పుడు విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకోవాలి, మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, షిఫ్ట్. దాచుకోని యాక్షన్లు, బ్రష్‌లు ఉంటే అవి ముందు సేవ్ చేసుకోవాలండోయ్.

అపోహ: కంపాటబిలిటీ మోడ్ పెడితే పాత విండోస్‌లో ఉన్నట్టే నడుస్తుంది

అది పాత విండోస్ కాదు, ప్రోగ్రామ్‌కి "నువ్వు విండోస్ 7 లో ఉన్నావులే" అని చెప్పే చిన్న అబద్ధం, దాంతోపాటు ఇంకొన్ని సర్దుబాట్లు, అంతే. వెర్షన్ నంబర్ చూసి మొండికేసే ప్రోగ్రామ్ అయితే ఆ అబద్ధానికి లొంగుతుంది. డ్రైవర్ లేకనో 16 బిట్ ముక్క వల్లనో ఆగితే ఏ మోడ్ పెట్టినా అంతే సంగతులు. ఆ కంపాటబిలిటీ ట్యాబ్‌లో నాకు నిజంగా పనికొచ్చేది హై డీపీఐ సెట్టింగ్, పాత ప్రోగ్రామ్ 4కే మానిటర్ మీద చీమలంత ఐకాన్లతో తెరుచుకుంటే స్కేలింగ్‌ని "సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్" కి మార్చి చూడండి, కాస్త మసకగా ఉన్నా కంటికి ఆనుతుంది.

డ్రైవర్ అన్నా కాబట్టి, యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళంచెవిలా పనిచేసే చిన్న ముక్క) పెడితేనే తెరుచుకునే క్యాడ్, రిప్ (ఫైల్‌ని ప్రింటర్‌కి అర్థమయ్యే చుక్కలుగా మార్చే) సాఫ్ట్‌వేర్‌లు వాడేవాళ్లు విండోస్ 11 లో విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ చూడండి. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే పాత డాంగిల్ డ్రైవర్‌ని లోడ్ అవ్వనివ్వకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఏమో "డాంగిల్ దొరకలేదు" అంటుంది, మనం పోర్టులు మార్చిమార్చి గుచ్చుతూ ఉంటాం. అది ఆఫ్ చేసేయమని చాలామంది చెప్తారు, నేను చెప్పను, అది ఉన్నదే మాల్‌వేర్ ఆపడానికి. ముందు డాంగిల్ తయారుచేసినవాళ్ల కొత్త డ్రైవర్ వెతకండి.

అపోహ: ఫాంట్లు పోయాయి, అంతా ఓఎస్ చేసిన పనే

రెండు వేరే సంగతులు ఇక్కడ కలిసిపోతున్నాయి. ఒకటి నిజంగానే ఓఎస్‌ది. విండోస్ 10 లో 2018 చివర్లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి ఫాంట్ మీద ఇన్‌స్టాల్ నొక్కితే అది అసలు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాకుండా మీ యూజర్ ఫోల్డర్ లోపలికి పోతుంది. కొత్త ప్రోగ్రామ్‌లకి కనిపిస్తుంది, కొన్ని పాతవాటికి కనపడదు. కొత్త మెషీన్‌లో నోట్‌ప్యాడ్‌లో ఫాంట్ ఉంటుంది, లేఔట్ ప్రోగ్రామ్‌లో ఉండదు, పిచ్చెక్కిపోతుంది. రైట్ క్లిక్ చేసి "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" కొట్టండి, అయిపోయింది.

రెండోది టైప్ 1 ఫాంట్లు, అంటే అడోబీ వాళ్ల పాత పోస్ట్‌స్క్రిప్ట్ రకం ఫాంట్లు. అడోబీ వాళ్లు ఫోటోషాప్‌లో 2021లో, మిగతావాటిలో 2023 జనవరిలో వీటికి సపోర్ట్ ఆపేశారు. ఇది ఓఎస్ చేసింది కాదు, కానీ మనవాళ్లు ఓఎస్, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకే ఆదివారం అప్‌గ్రేడ్ చేసి నింద మాత్రం ఓఎస్ మీద వేస్తారు. అందుకే రెండూ ఒకేసారి ముట్టుకోవద్దని మొత్తుకుంటా. పీడీఎఫ్, ఈపీఎస్ (లోగోలకి వాడే పాత గ్రాఫిక్ ఫైల్ రకం) లలో ఎంబెడ్ అయి (ఫైల్ లోపలే ఇమిడి) ఉన్న టైప్ 1 ఫాంట్లు చూడ్డానికి, ప్రింట్‌కి బానే ఉంటాయి, ఆ టెక్స్ట్‌ని ఎడిట్ చేద్దామంటేనే కుదరదు.

అపోహ: ఫైల్ ఓపెన్ అవ్వలేదంటే కరప్ట్ అయినట్టే

మ్యాక్‌ఓఎస్ వెంచురా (2022) నుంచి ప్రివ్యూ యాప్ ఈపీఎస్, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్స్ తెరవదు. ఇల్లస్ట్రేటర్‌లో తెరిచి చూడండి, శుభ్రంగా ఉంటాయి. ఇన్‌డిజైన్‌లో లింకులన్నీ మిస్సింగ్ చూపిస్తే డెస్క్‌టాప్ ఫోల్డర్ ఎక్కడుందో చూడండి, అప్‌గ్రేడ్ తర్వాత సెటప్‌లో నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోయినప్పుడు విండోస్‌లో అది వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ఫోల్డర్) లోపలికి మారిపోయి ఉంటుంది, పాత్ మారింది కాబట్టి లింక్ తెగింది, అంతే. ఒక లింక్‌ని రీలింక్ చేస్తే అదే ఫోల్డర్‌లోని మిగతావి చాలావరకు వెంట వచ్చేస్తాయి.

రంగులు మారాయనేది కూడా ఈ కోవదే. అప్‌గ్రేడ్‌లో కాలిబ్రేట్ చేసిన మానిటర్ ప్రొఫైల్ పక్కకిపోయి డిఫాల్ట్ వచ్చి కూర్చుంటుంది, లేదంటే నైట్ లైటో ట్రూ టోనో (స్క్రీన్ రంగుని తనంతట తానే మార్చే సెట్టింగ్‌లు) ఆన్ అయి ఉంటుంది, ఫైల్‌లో రంగు అంకెలు అలాగే ఉంటాయి. కాన్వాస్ మీద చారలు, నల్ల గడులు వస్తే మాత్రం ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్‌కి వెళ్లి గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్ తీసి చూడండి, పోతే అది గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ.

అపోహ: నచ్చకపోతే వెనక్కి వెళ్లిపోవచ్చు

విండోస్‌లో వెనక్కి వెళ్లే బటన్ మామూలుగా 10 రోజులే ఉంటుంది, ఈలోపు స్పేస్ కోసం డిస్క్ క్లీనప్ చేసి విండోస్.ఓల్డ్ ఫోల్డర్ తీసేస్తే ఆ 10 రోజులు కూడా ఉండవు. మ్యాక్‌లో అయితే వెనక్కి అంటే డిస్క్ మొత్తం తుడిచి పాత వెర్షన్ వేసుకోవడమే, అదీ ఆ మెషీన్ ఏ వెర్షన్‌తో వచ్చిందో అంతకన్నా కిందకి కుదరదు. ఆపిల్ చిప్ మ్యాక్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టి మొజావే నడుపుదాం అనేవాళ్లుంటారు, అది ఇంటెల్ ఓఎస్ కాబట్టి మామూలు వర్చువలైజేషన్‌తో నడవదు. ఇంటెల్ మ్యాక్ ఉన్నవాళ్లకి మాత్రం ఆ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. ఇంకో సంగతి, కొత్త ఇన్‌డిజైన్‌లో ఒకసారి సేవ్ చేసిన ఫైల్ పాతదాంట్లో నేరుగా తెరుచుకోదు, ఐడీఎంఎల్ (పాత వెర్షన్లూ చదవగలిగే ఇన్‌డిజైన్ ఫైల్ రకం) గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటేనే పాత వెర్షన్‌కి దారి ఉంటుంది.

అలాగని అసలు అప్‌గ్రేడే చెయ్యకుండా కూర్చుంటే అదీ కుదరదు, విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో ఆగిపోయింది, కొత్త డిజైన్ వెర్షన్లు కొత్త ఓఎస్ అడుగుతూనే ఉంటాయి. మ్యాక్ అయితే నేను చేసేది ఒకటే, ఒక ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ మీద కొత్త ఓఎస్ వేసి దాన్నుంచి బూట్ చేసి వారం రోజులు పరీక్షిస్తా. ఖాళీ డాక్యుమెంట్ తెరిచి "ఆ, ఓపెన్ అయింది" అనుకోను. నా దగ్గర ఒక పాత కేటలాగ్ జాబ్ ఉంది, 96 పేజీలు, పాత ఫాంట్లు, ఈపీఎస్ లోగోలు, మూడు ప్లగిన్లు అన్నీ ఉన్న ముదురు ఫైల్. దాన్ని తెరిచి, పెన్‌తో రెండు గీతలు గీసి, పీడీఎఫ్ తీసి, ఒక పేజీ ప్రింట్ ఇస్తా. అది బయటికి వచ్చి పాత ప్రింట్‌తో సరిపోతే అప్పుడు అసలు మెషీన్ మీద చెయ్యి వేస్తా.