కడుపులోని ఆమ్లం, పంటిలోని ఫిల్లింగు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిల్లింగు పైకి లేచిందంటే దాన్ని పెట్టిన డాక్టరు సరిగ్గా పెట్టలేదన్నమాట.

వాస్తవం: కింది దవడ పంటిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న సిల్వర్ ఫిల్లింగు ఈమధ్య నాలుకకు గట్టులా తగులుతోందని, దాన్ని కాస్త అరగదీయమని నడివయసు అధ్యాపకుడు ఒకరు మా క్లినిక్కు వచ్చారు. చూస్తే ఫిల్లింగు పెట్టినచోటే ఉంది. చెరువులో నీరు తగ్గినప్పుడు బండరాయి బయటపడినట్టు, చుట్టూ ఉన్న పన్ను కరిగి కిందికి దిగడంతో అది పైకి తేలింది. పళ్లు కొరకడం వల్ల వచ్చే అరుగుదలలో పన్నూ ఫిల్లింగూ దాదాపు ఒకే మట్టానికి అరుగుతాయి. ఫిల్లింగు నిలిచి పన్ను మాత్రమే దిగిపోయిందంటే నేను మొదట అనుమానించేది ఆమ్లాన్నే. పీహెచ్ (ఆమ్లతను కొలిచే అంకె) సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైనుండే గట్టి పొర, ఎనామెల్, కరగడం మొదలవుతుంది. జఠరరసం పీహెచ్ సాధారణంగా 1కీ 2కీ మధ్య ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, 5.5కీ 1.5కీ మధ్య తేడా పదివేల రెట్లు. నోటికి చేరేసరికి లాలాజలం దాన్ని కొంత పలుచన చేసినా, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక రాత్రిపూట పైకి తన్నే ఆమ్లం ఎక్కువ నష్టం చేస్తుంది.

అపోహ: పంటి రంగు ఫిల్లింగులన్నీ ఒకటే.

వాస్తవం: కావు. వాటిలో గ్లాస్ అయనోమర్ అనే రకం ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తుంది, పంటికి తనంతట తానే అంటుకుంటుంది. అందుకే మాకు ఇష్టమైన పదార్థం. కానీ ఆమ్లంలో అదే కరుగుతుంది, కాబట్టి తరచూ పుల్లని త్రేన్పులు వచ్చేవారికి నమిలే భాగంలో శాశ్వత ఫిల్లింగుగా దాన్ని నేను పెట్టను. కాంపోజిట్ అనే మరో రకం అలా కరగదు గానీ పైపొర నునుపు పోయి టీ, కాఫీ మరకలు పడతాయి.

అపోహ: జిర్కోనియా క్యాప్ వేయించుకుంటే ఇక ఆమ్లం భయం లేదు.

వాస్తవం: పింగాణీలా గట్టిగా ఉండే జిర్కోనియాకు భయం దాదాపు లేదనే చెప్పాలి. అయితే క్యాప్ అంచు ఆనేది పంటి మీదే. చిగురు జారి అక్కడ డెంటిన్ (పంటి లోపలి పొర) బయటపడి ఉంటే, అది ఎనామెల్ కంటే తేలికపాటి ఆమ్లానికే కరుగుతుంది; క్యాప్ చెక్కుచెదరకుండానే దాని అంచు కింద సందు ఏర్పడి అక్కడ అన్నం మెతుకు ఇరుక్కుంటుంది.

అపోహ: వాంతి అయిన వెంటనే పళ్లు తోముకుంటే ఆమ్లం పోతుంది.

వాస్తవం: గర్భిణులు, ప్రయాణాల్లో కడుపులో తిప్పేవారు శుభ్రత కోసం చేసే పని ఇది, తప్పు పట్టలేం. కానీ ఆమ్లం తగిలిన ఎనామెల్ పైపొర కొంతసేపు మెత్తగా ఉంటుంది, బ్రష్షు ఆ పొరనే గీకేస్తుంది. గ్లాసు నీటిలో అర చెంచా తినే సోడా కలిపి పుక్కిలించాలి. అది లేకపోతే మంచినీళ్లు చాలు. గంట గడిచాక ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో మెత్తని బ్రష్షు వాడాలి. నోరు బాగుపడుతుందని నిమ్మకాయ చప్పరించడం మాత్రం వద్దు.

అపోహ: ఛాతీలో మంట లేదు, నాకు ఎసిడిటీ లేనట్టే.

వాస్తవం: మంట లేకుండానే ఆమ్లం పైకి వచ్చేవారున్నారు. పైవరుస ముందు పళ్ల వెనుక భాగం, అంటే అంగిలి వైపు, మొదట దెబ్బ తింటుంది. అద్దంలో అది కనబడదు, మా చిన్న అద్దానికి కనబడుతుంది.

ఆ అధ్యాపకుడికీ మంట లేదు. అడగ్గా, రాత్రి పదిన్నరకు భోంచేసి వెంటనే పడుకుంటారని, తెల్లవారితే నోరు పుల్లగా ఉంటుందని చెప్పారు. ఫిల్లింగును అరగదీయలేదు, కొత్తదీ పెట్టలేదు. జీర్ణకోశ వైద్యుడికి ఉత్తరం రాసి, పళ్ల అచ్చు తీసి దాచాను. ఆరు నెలల తర్వాత మళ్లీ అచ్చు తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, అరుగుదల ఆగితేనే కొత్త పని మొదలుపెడతామని చెప్పాను.